సంఘం మారినప్పుడు ఉత్తరం ఎందుకు?

ఇల్లు మారి హారో వచ్చినవాళ్ళు ముందు ఏం చేస్తారో మనకు తెలుసు. బ్యాంకుకు కొత్త చిరునామా ఇస్తారు. పిల్లల్ని బడిలో చేర్పిస్తారు. జీపీ దగ్గర పేరు రాయించుకుంటారు. అలా రాయించుకుంటే పాత డాక్టరు దగ్గరున్న రికార్డులు కొత్త డాక్టరుకు చేరతాయి. సంఘం రిజిస్టర్‌లో పేరు మాత్రం దానంతటది రాదు. దాన్ని ఒకరు పంపాలి, ఇంకొకరు అందుకోవాలి.

లూథరన్ సంఘాల్లో దీనికి బదిలీ ఉత్తరం ఉంది. పాత సంఘం పాస్టర్ గారు కొత్త సంఘం పాస్టర్ గారికి దాన్ని రాస్తారు. బాప్తిస్మం అయిందా, కన్ఫర్మేషన్ అయిందా, ప్రభు భోజనం తీసుకుంటున్నారా అన్న వివరాలు అందులో ఉంటాయి. ఇది చాలా పాత అలవాటు. రోమీయులకు రాసిన పత్రిక చివర్లో పౌలు ఫీబే గురించి రాశాడు. ఆమె కెంక్రేయ సంఘానికి చెందిన స్త్రీ. ఆమెను చేర్చుకోండి, ఆమెకు అవసరమైన సాయం చేయండి అని రోమాలోని విశ్వాసులను కోరాడు. అంటే ఉత్తరం పని పేరు చేర్చడంతో అయిపోదు. మనిషిని చూసుకునే బాధ్యత కూడా దానితో చేతులు మారుతుంది.

ఉత్తరం లేకుండా వెళ్ళినవాళ్ళు

మన పూర్వీకులకు అలాంటి ఉత్తరం ఎవరు రాశారు? మద్రాసు నుంచి బయలుదేరిన ట్రూరో ఓడ 1860 నవంబరు 16న డర్బన్ చేరింది. ఆ ఓడలోనూ తర్వాతి ఓడల్లోనూ క్రైస్తవులున్నారు. ఓడ జాబితాలో ప్రతి కూలీకీ ఒక నంబరు ఉండేది. పేరు, తండ్రి పేరు, వయసు, ఊరు, కులం, ఒంటి మీది గుర్తులు రాసేవారు. కులం గడిలో కొందరికి ‘క్రిస్టియన్’ అని రాశారు. ఏ సంఘం నుంచి వచ్చారో రాయడానికి గడి లేదు.

నాటాల్ తోటల్లో కొందరిని మెథడిస్టులు, ఆంగ్లికన్లు, కాథలిక్కులు చేరదీశారు. తెలుగు బాప్టిస్టులు మాత్రం తమ భాషలో మాట్లాడే కాపరి కావాలని స్వదేశానికి కబురు పంపారు. 1903లో నెల్లూరు నుంచి జాన్ రంగయ్య గారు వచ్చారు. ఆయన్ను పంపింది తెలుగు క్రైస్తవుల సొంత మిషనరీ సొసైటీ. అదే ఏడాది డిసెంబరులో కియర్స్నీలో తెలుగు సంఘం ఏర్పడింది. తొలి ఓడ వచ్చి అప్పటికి 43 ఏళ్ళు.

లండన్‌లోనూ అదే కథ

లండన్‌లో రొట్టెల బట్టీల్లో పనిచేసే జర్మన్ యువకులు కూడా పాస్టర్ కావాలని అడిగారు. వాళ్ళు అడిగింది అమెరికాలోని మిస్సోరి సినడ్‌ను. 1896లో పాస్టర్ వచ్చారు. ఇంగ్లండ్ ఇవాంజెలికల్ లూథరన్ చర్చి అలా మొదలైంది. దాని సంఘం ఒకటి హారో పక్కనే రైస్లిప్‌లో ఉంది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత బాల్టిక్ దేశాల నుంచి, పోలండ్ నుంచి, జర్మనీ నుంచి లూథరన్లు ఇక్కడికి వచ్చారు. 1948లో లూథరన్ కౌన్సిల్ ఆఫ్ గ్రేట్ బ్రిటన్ ఏర్పడింది.

మధ్యలో మిగిలిపోయేవాళ్ళు

ఇప్పటి సంగతికి వద్దాం. ఒక అమ్మమ్మ గుంటూరు నుంచి హారోలోని కూతురి ఇంటికి వచ్చి ఉండిపోయింది అనుకుందాం. అక్కడి పాస్టర్ గారు, ఆమెను ఇక్కడ ఎవరో చూసుకుంటున్నారు అనుకుంటారు. ఇక్కడ ఆమె పేరు ఏ పాస్టర్‌కూ తెలియదు. ఒకరోజు ఆమె నార్త్‌విక్ పార్క్ ఆసుపత్రిలో చేరితే కూతురు ఏ పాస్టర్‌కు ఫోన్ చేయాలి? ఆసుపత్రి చాప్లిన్ వచ్చి ప్రార్థన చేయవచ్చు. కానీ ఆమెను ముందునుంచీ ఎరిగిన మనిషి కాదు కదా.

అందుకే ఊరు కదిలే ముందే పాస్టర్ గారికి చెప్పండి. బాప్తిస్మం, కన్ఫర్మేషన్ పత్రాలు వెంట తెచ్చుకోండి. రాగానే ఇక్కడి పాస్టర్‌ను కలవండి.

ఒక విషయం ముందే తెలిస్తే మంచిది. లూథరన్ అన్న పేరు ఒకటే అయినా పద్ధతి అన్నిచోట్లా ఒకటి కాదు. హయ్యర్ గారు 1842లో గుంటూరులో మొదలుపెట్టిన పని నుంచి 1927లో ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ చర్చి ఏర్పడింది. అది లూథరన్ వరల్డ్ ఫెడరేషన్‌లో సభ్యురాలు. లూథరన్ చర్చి ఇన్ గ్రేట్ బ్రిటన్ కూడా అంతే. రైస్లిప్ సంఘం ఉన్న చర్చి ఆ ఫెడరేషన్‌లో లేదు. అలాంటి చోట ప్రభు భోజనానికి ముందు పాస్టర్‌తో మాట్లాడమంటారు. చిన్నబుచ్చుకోకండి. మిమ్మల్ని తెలుసుకోవడానికి ఆ మాటలే మొదటి అవకాశం.

పాత సంఘానికీ ఒక పని ఉంది. ‘లండన్ వెళ్ళిపోయారు’ అని పేరు కొట్టేసే ముందు ఒక్క ఫోన్ చేసి అడగాలి: అక్కడ మిమ్మల్ని ఎవరు చూసుకుంటున్నారు? జవాబుగా ఒక మనిషి పేరు వినిపించేదాకా ఆ సభ్యురాలు ఇంకా వాళ్ళ మనిషే.

కొత్త మాటలు
సంఘం: ఒకే చర్చిలో కలిసి ఆరాధించే జనం.
బదిలీ: ఒక చోటు నుంచి ఇంకో చోటుకు మార్చడం.
కాపరి: మందను కాచేవాడు, ఇక్కడ పాస్టర్.
చేరదీయడం: దగ్గరకు తీసుకుని ఆదరించడం.
చిన్నబుచ్చుకోవడం: మనసు నొచ్చుకోవడం.