ఇంగ్లీషు విశేషణాలకు పొత్తు కుదిరేదెలా?

తెలుగులో ‘పండు ముసలి’ అంటాం, ‘పండు పిల్లాడు’ అనం. ‘పచ్చి బాలింత’, ‘నిండు గర్భిణి’ అంటాం. ఆ రెండు విశేషణాలనూ అటూ ఇటూ మార్చి చూడండి, చెవి ఒప్పుకోదు. వ్యాకరణం చెడలేదు, పొత్తు కుదరలేదంతే. కొన్ని మాటలు కొన్నిటితోనే కలిసి నడిచే ఈ అలవాటును భాషావేత్తలు కొలొకేషన్ (పదాల సహవాసం) అంటారు. బ్రిటిష్ భాషావేత్త జె.ఆర్. ఫర్త్ 1950లలో దీని మీద గట్టిగా దృష్టి పెట్టాడు. మాట అర్థంలో కొంత భాగం దాని తోటి మాటల్లోనే ఉంటుందని ఆయన వాదన.

ఇంగ్లీషులో మనిషిని వర్ణించేటప్పుడు మనవాళ్లకు చిక్కు వచ్చేది ఇక్కడే. ‘టాల్’కీ ‘హై’కీ నిఘంటువు ‘ఎత్తైన’ అనే చెబుతుంది. కానీ మనిషి ‘టాల్’, అతని నుదురు ‘హై’. విశాలమైన భుజాలకు ‘బ్రాడ్’ అతికినట్టు ‘వైడ్’ అతకదు. ‘ఓల్డ్ ఫ్రెండ్’ ముసలివాడు కానక్కర్లేదు. అక్కడ పాతది స్నేహం.

మాట ఒకటే అయినా ఊరు మారితే అర్థం మారవచ్చు. మన పెళ్లి ప్రకటనల్లో ‘హోమ్లీ’ అంటే ఒద్దికగా ఇల్లు చక్కదిద్దుకునే అమ్మాయి. అమెరికాలో అదే మాటకు అందం లేనిదని అర్థం. ఆడంబరం లేని మనిషిని మనం ‘సింపుల్’ అంటాం. ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవారికి అందులో తెలివి తక్కువన్న ఛాయ కనిపించవచ్చు. ‘అనజ్యూమింగ్’ అంటే ఆ చిక్కు రాదు.

ఇక వరుస. ‘ఎ టాల్ యంగ్ మ్యాన్’ సహజం, ‘ఎ యంగ్ టాల్ మ్యాన్’ ఎబ్బెట్టు. మామూలుగా ముందు మన అభిప్రాయం, తర్వాత ఆకారం, వయసు, రంగు, చివరగా దేశం లేదా ప్రాంతం వస్తాయి. వ్యక్తిగత అభిప్రాయం దూరంగా, మారని లక్షణం నామవాచకానికి దగ్గరగా ఉంటుందన్నమాట. గుణాలను చెప్పే విశేషణాలకు ఇంత పట్టింపు లేదు. ‘కైండ్, పేషంట్ టీచర్’ను తిరగేసినా చెల్లుతుంది. అందుకే వాటి మధ్య కామా పెడతారు. ‘టాల్ యంగ్’ మధ్య పెట్టరు.

విదేశీ చదువులకు వెళ్లే మన పిల్లల కోసం అధ్యాపకులు రాసే సిఫారసు లేఖల్లో ఇదంతా అక్కరకొస్తుంది. ఆ లేఖ చదివేవారు విద్యార్థిని ఎన్నడూ చూసి ఉండరు. ‘సిన్సియర్, హార్డ్‌వర్కింగ్, డెడికేటెడ్’ అని మూడు మాటలు పేర్చినా వారికి దక్కేది ఒక్క సంగతే, బాగా కష్టపడతాడని. మూడూ ఒకే వైపు చూస్తున్నాయి కదా. వేర్వేరు వైపులు చూసే రెండు మాటలు అంతకన్నా ఎక్కువ చెబుతాయి. ‘క్వయట్ బట్ డిటర్మిన్డ్’ అంటే మాట తక్కువ, పట్టుదల ఎక్కువ. ‘స్ట్రిక్ట్ బట్ ఫెయిర్’ అంటే కఠినమే, కానీ అన్యాయం చేయడు. ఈ జంటల్లో ‘బట్’దే పెద్ద పని. మొదటి మాట వినగానే కలిగే అనుమానాన్ని అది అక్కడికక్కడే సరిచేస్తుంది. రెండు గుణాలూ ఒకే దిక్కువైతే ‘అండ్’ చాలు. ‘పూర్ బట్ ఆనెస్ట్’ వాడేముందు మాత్రం ఆగాలి. పేదవాడిలో నిజాయితీ వింత అన్న భావన ఆ ‘బట్’లో దాగి ఉంది.

జంట కుదిరిందో లేదో తేల్చుకోవడానికి కొలొకేషన్ నిఘంటువులున్నాయి. ఆక్స్‌ఫర్డ్ వారిది 2002లో వచ్చింది. అందులో విశేషణం దగ్గర కాక నామవాచకం దగ్గర మొదలుపెట్టండి. జుట్టు, గొంతు, నవ్వు, స్వభావం, ఏది వర్ణించాలో ఆ పేజీ తీస్తే దానితో కలిసి నడిచే విశేషణాలన్నీ ఒకేచోట దొరుకుతాయి.