ఒక్క పూట కొండెక్కితే సిలబస్ ఎక్కడికీ పోదు

శ్రీకాకుళం నుంచో, విజయనగరం నుంచో వచ్చి విశాఖ హాస్టల్లో ఉంటూ ఉద్యోగానికి ప్రిపేరవుతున్నారా? అయితే కంబాలకొండను మీరు చూసే ఉంటారు. ఊరి నుంచి వచ్చే బస్సు ఎండాడ దాటి హనుమంతవాక వైపు వస్తుంటే ఎడమ పక్కన జూ, కుడి పక్కన పచ్చటి కొండల వరుస. ఆ టైముకి బ్యాగు సర్దుకునే హడావుడిలో ఉంటాం తప్ప, అక్కడ దిగాలన్న ఆలోచనే రాదు. ఈసారి దిగి చూడండి.

'టైమెక్కడుంది?' అంటారా. నిజమే. నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో తెలీదు. ఇంటి నుంచి ఫోనొస్తే 'ఏదైనా వచ్చిందా?' అన్న ప్రశ్న తప్పదు. నాన్న పంపిన డబ్బులతో షికార్లేంటని మనసు పీకుతుంది. కానీ ఒక్క లెక్క వేయండి. నిన్న పుస్తకం మూసేశాక రీల్స్ ఎంతసేపు చూశారు? ఆ గంటను మనం వృథా లెక్కలో రాయం, విశ్రాంతి అనుకుంటాం. లేచాక మాత్రం తల ఇంకా బరువుగానే ఉంటుంది.

మెదడుకు ఏది విశ్రాంతి?

అమెరికాలోని మిషిగన్ యూనివర్సిటీ పరిశోధకులు 2008లో ఒక ప్రయోగం ఫలితాలు ప్రచురించారు. కొందరికి అంకెల వరుస వినిపించి, దాన్ని వెనక నుంచి ముందుకు చెప్పమన్నారు. మన రీజనింగ్ పేపర్‌కు చుట్టం లాంటి పరీక్షే. తర్వాత వాళ్లను సుమారు 50 నిమిషాలు నడిపించారు. ఒకసారి చెట్లున్న పెద్ద పార్కులో, మరోసారి ఊరి నడిబొడ్డు రోడ్డు మీద. పార్కులో నడిచొచ్చాక స్కోరు దాదాపు 20 శాతం పెరిగింది. రోడ్డు మీద నడిచినప్పుడు చెప్పుకోదగ్గ మార్పేమీ లేదు. గడ్డకట్టే చలిలో, ఇష్టం లేకుండా నడిచిన వాళ్లకూ పార్కు మేలు చేసింది.

కారణం తేలిగ్గానే అర్థమవుతుంది. రోడ్డు మీద హారన్లు, బళ్లు, సిగ్నళ్లు... అనుక్షణం కాచుకోవాలి. చదివేటప్పుడు వాడే ఏకాగ్రతే అక్కడా ఖర్చవుతుంది. ఆకుల కదలికను, పిట్ట కూతను గమనించడానికి ప్రయాస అక్కర్లేదు. ఆ కాసేపట్లో అలసిన ఏకాగ్రత కోలుకుంటుంది. ఫోన్ ఆ అవకాశం ఇవ్వదు.

ఒకప్పుడు రాజావారి అడవి

కంబాలకొండ ఒకప్పుడు విజయనగరం మహారాజుల అధీనంలో ఉండేది. 2002లో వన్యప్రాణి అభయారణ్యమైంది. విస్తీర్ణం సుమారు 71 చదరపు కిలోమీటర్లు. నగరాన్ని ఆనుకుని ఇంత అడవి ఉండటం ఎక్కడో గానీ కనపడదు. చుక్కల దుప్పులు, కణితులు, అడవిపందులు, నక్కలు, కొండచిలువలు, నెమళ్లు ఇక్కడివే. చిరుతలూ ఉన్నాయి. అందుకే అటవీశాఖ ఎకో టూరిజం పార్కు గేటు నుంచే, టికెట్ తీసుకుని, అనుమతించిన దారిలోనే నడవాలి. ఒంటరిగా వద్దు. ముగ్గురు నలుగురు కలిసి వెళ్లండి.

అటవీశాఖ కొలువు మీద కన్నున్నవాళ్లకు ఇంకో లాభం. ఏపీపీఎస్సీ ఫారెస్ట్ బీట్ ఆఫీసర్ ఎంపికలో నడక పరీక్ష ఉంటుంది. 4 గంటల్లో పురుషులు 25 కిలోమీటర్లు, మహిళలు 16 కిలోమీటర్లు నడవాలి. రాత పరీక్ష గట్టెక్కి ఇక్కడ ఆగిపోతే ఆ బాధ వేరు. కాళ్లకు ఇప్పటి నుంచే అలవాటు చేయండి.

వెళ్లే ముందు

సమయాలు, టికెట్ ధర మారుతుంటాయి, ముందే కనుక్కోండి. గేటు తెరిచేసరికి అక్కడుంటే ఎండ ముదిరేలోపు తిరిగి రావొచ్చు. పట్టు ఉన్న బూట్లు, టోపీ, మనిషికి రెండు లీటర్ల నీళ్లు చాలు. తినడానికి వేరుశనగ ఉండలో, సీసాలో చోడి అంబలో. చెత్త మీ సంచిలోనే వెనక్కి రావాలి. స్పీకర్లో పాటలు వద్దు.

ఫోన్ ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి. పిట్టల మీద ఆసక్తి ఉంటే కార్నెల్ యూనివర్సిటీ వాళ్ల ఉచిత యాప్ 'మెర్లిన్'ను, అందులో మన ప్రాంతం ప్యాక్‌ను రూమ్‌లోనే డౌన్‌లోడ్ చేసుకోండి. కూత విని పేరు చెబుతుంది, నెట్ అక్కర్లేదు. కరెంట్ అఫైర్స్ ఆడియో మాత్రం పెట్టుకోకండి. అలా అయితే కొండ ఎక్కి కూడా క్లాసులోనే కూర్చున్నట్టు.

ఇంటి దగ్గరే ఉంటే

ఊళ్లోనే ఉండి చదువుకునేవాళ్లు విశాఖ దాకా రానక్కర్లేదు. విజయనగరం వాళ్లకు నెల్లిమర్ల మండలంలో రామతీర్థం కొండలున్నాయి. గురుభక్తులకొండ మీద బౌద్ధ శిథిలాలు, బోధికొండ మీద జైన ఆనవాళ్లు చూడొచ్చు. శ్రీకాకుళం వాళ్లకు గార మండలంలో శాలిహుండం. 1919లో గిడుగు రామమూర్తి పంతులు వెలుగులోకి తెచ్చిన బౌద్ధ స్తూపాలున్న కొండ అది. పైకెక్కితే కింద వంశధార కనిపిస్తుంది. ఆ రాళ్ల మీద పేర్లు చెక్కకండి.

నెలకు ఒక్క ఆదివారం, ఒక్క పూట. టైమ్‌టేబుల్లో దాన్నీ ఒక సబ్జెక్టులా రాసి పెట్టుకోండి. రాసి పెట్టుకుంటే దొంగతనంగా వెళ్తున్నట్టు అనిపించదు. మధ్యాహ్నానికి రూమ్‌కొచ్చి స్నానం చేసి, అన్నం తిని, సాయంత్రం మాక్ టెస్ట్ రాయండి. ఇంటి నుంచి ఫోనొస్తే ఎక్కడికెళ్లారో దాచకుండా చెప్పండి.