ప్రధాన కార్యాలయం లేని శరీరం

ఎంత చిన్న సంస్థకైనా ఒక ప్రధాన కార్యాలయం ఉండవలెనని మనం భావిస్తాము. కానీ సముద్రంలో జీవించే నక్షత్ర చేపకు మెదడు అనేదే లేదు. పేరులో తప్ప అది చేపా కాదు. నోటి చుట్టూ ఒక నాడీ వలయం, దాని నుండి ఒక్కొక్క భుజంలోనికి సాగే నాడీ రజ్జువులు - దాని నాడీ మండలంలో ప్రధాన భాగాలు ఇవే.

అయినప్పటికీ అది భుజించే తీరు చూస్తే ఆశ్చర్యం కలుగక మానదు. ఆల్చిప్పను భుజాలతో బిగించి పట్టి, రెండు చిప్పల నడుమ కొద్దిపాటి సందు చేసి, తన జఠరాన్నే నోటిగుండా వెలుపలికి పంపుతుంది. భోజనం ముగిసిన తరువాత దానిని తిరిగి లోనికి తీసుకుంటుంది. మరి ఈ ఆజ్ఞలను జారీ చేసేది ఎవరు?

నాడీకణాలు తయారుచేసే న్యూరోపెప్టైడ్లు ఇందులో ముఖ్యపాత్ర వహిస్తాయి. ఇవి కొద్దిపాటి అమైనో ఆమ్లాలు గొలుసుగా కూడిన అణువులు. 1991లో మారిస్ ఎల్ఫిక్, ఆయన సహచరులు ఎస్-1, ఎస్-2 అనే రెండింటిని నక్షత్ర చేపలలో గుర్తించారు. ఇవి జఠర కండరాలను సడలిస్తాయి. 2013లో వెల్లడైన మరొక పెప్టైడ్ ఇందుకు విరుద్ధంగా జఠరాన్ని సంకోచింపజేసి లోనికి మరలిస్తుంది. దానిలో ఉన్నవి 5 అమైనో ఆమ్లాలు మాత్రమే!

2019లో లండన్ క్వీన్ మేరీ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఆస్టెరోటోసిన్ అనే పెప్టైడ్‌ను పరీక్షించారు. దానిని సూదిద్వారా ఎక్కించగా, ఎదుట ఆహారం లేకున్నా నక్షత్ర చేప భోజన భంగిమ దాల్చి జఠరాన్ని వెలుపలికి చాచింది. ప్రసవ సమయంలో తల్లి గర్భాశయాన్ని సంకోచింపజేసే ఆక్సిటోసిన్‌కు ఇది సమీప బంధువు. రెండింటిలోనూ 9 అమైనో ఆమ్లాలే. 50 కోట్ల సంవత్సరాలకు పూర్వమే వేరుపడిన రెండు వంశాలు ఒకే పూర్వీకుల ఆస్తిని వేర్వేరు పనులకు వినియోగించుకుంటున్నాయన్న మాట.

ఇది కేవలం వినోదానికి తెలుసుకునే విషయం కాదు. ముళ్ళ కిరీటపు నక్షత్ర చేప ఇదే రీతిలో జఠరాన్ని చాచి సజీవ పగడాలను భక్షిస్తుంది. ఆస్ట్రేలియాలోని గ్రేట్ బారియర్ రీఫ్‌కు అది అపార నష్టం కలిగించింది. మన లక్షద్వీప్, అండమాన్ జలాలలోనూ ఉన్నది. నీటిలో మునిగి ఒక్కొక్క దానికి సూది పొడిచి చంపడం నేటికీ సాగుతున్న ప్రయాస. లక్షద్వీప్ ప్రజలకు కాలి క్రింది నేలయే పగడపు వరం. అందుచేత నక్షత్ర చేప ఆకలిని ఆపగల ఆజ్ఞ ఏదో తెలుసుకొనడం వారి దీవుల రక్షణకు ఉపకరించగల విద్య.