పిల్లల్లో ఫిట్స్, ఎదుగుదల లోపం.. జన్యు పరీక్షతో ఏం తెలుస్తుంది?

ఆరు నెలల పాపకు జ్వరం వచ్చింది. ఫిట్స్ మొదలై అరగంటైనా ఆగలేదు. ఎంఆర్‌ఐ తీస్తే అంతా నార్మల్. మరి కారణం ఏంటి? ఇలాంటప్పుడు డాక్టర్లు జన్యు పరీక్ష రాస్తారు. ఖర్చు చూసి చాలామంది వెనకాడతారు. అసలు దాని అవసరం ఎంత?

పరీక్ష ఎందుకు?

కారణం తెలిస్తే మందు మారొచ్చు. డ్రావెట్ సిండ్రోమ్‌నే తీసుకోండి. దీనికి ఎస్‌సీఎన్1ఏ జన్యువులో లోపం కారణమని 2001లో తేలింది. ఈ పిల్లలకు ఫిట్స్‌కు మామూలుగా వాడే కార్బమజెపైన్ ఇస్తే, తగ్గకపోగా పెరిగే ప్రమాదం ఉంది. గ్లట్1 లోపం ఉన్నవారిలో మెదడుకు గ్లూకోజ్ సరిగా అందదు. డాక్టర్ల పర్యవేక్షణలో కొవ్వు ఎక్కువ, పిండి పదార్థాలు బాగా తక్కువ ఉండే కీటోజెనిక్ ఆహారం ఇస్తే మేలు జరుగుతుంది. అయితే అన్ని జన్యు లోపాలకూ ఇలా చికిత్స లేదు.

ఎలా చేస్తారు?

కొద్దిగా రక్తం తీసుకుంటారు. ప్రొటీన్ల తయారీకి సూచనలిచ్చే సుమారు 20 వేల జన్యువులను 'ఎక్సోమ్ సీక్వెన్సింగ్'లో చదువుతారు. తల్లిదండ్రుల రక్తంతో పోలిస్తే లోపం వారి నుంచి వచ్చిందా, బిడ్డలోనే కొత్తగా ఏర్పడిందా అన్నది తెలుస్తుంది. ఒక్కోసారి రిపోర్టులో 'ప్రభావం తేలని మార్పు' అని వస్తుంది. అంటే జబ్బు ఖాయమైనట్టు కాదు.

తప్పు తల్లిదా?

కాదు, తండ్రిదీ కాదు. డ్రావెట్ కేసుల్లో ఎక్కువ శాతం బిడ్డలో కొత్తగా వచ్చిన మార్పులే. కొన్ని జబ్బులు మాత్రం తల్లి, తండ్రి ఇద్దరిలోనూ ఒకే జన్యువులో లోపం దాగి ఉంటే వస్తాయి. అప్పుడు ప్రతి కాన్పులోనూ 25 శాతం అవకాశం ఉంటుంది. మేనరికాల్లో ఈ ముప్పు ఎక్కువ. కారణమైన మార్పు ముందే తెలిస్తే, తర్వాతి గర్భంలో 11 వారాల తర్వాత పరీక్ష చేయించుకోవచ్చు.

ఎక్కడికి వెళ్లాలి?

అంగన్‌వాడీలు, ప్రభుత్వ బడుల్లో ఆర్‌బీఎస్‌కే బృందాలు పిల్లలను పరీక్షిస్తాయి. అవసరమైతే జిల్లా సత్వర చికిత్స కేంద్రానికి (డీఈఐసీ) పంపిస్తాయి. హైదరాబాద్ నిమ్స్‌లో మెడికల్ జెనెటిక్స్ విభాగం ఉంది. ఉప్పల్‌లోని సీడీఎఫ్‌డీ జన్యు నిర్ధారణ పరీక్షలు చేస్తుంది. అరుదైన వ్యాధుల జాతీయ విధానం–2021 పరిధిలోకి వచ్చే జబ్బులకు గుర్తింపు పొందిన కేంద్రాల్లో రూ.50 లక్షల వరకు సాయం అందుతుంది. నిమ్స్ వాటిలో ఒకటి.

వెళ్లేటప్పుడు పాత రిపోర్టులన్నీ పట్టుకెళ్లండి. ఫిట్స్ వచ్చినప్పుడు ఫోన్‌లో తీసిన వీడియో, మూడు తరాల కుటుంబ వివరాలు కూడా డాక్టర్‌కు చాలా ఉపయోగపడతాయి. డాక్టర్ చెప్పకుండా మందులు మాత్రం ఆపొద్దు.