రెట్రో గేమింగ్

పాత కన్సోల్ ఆటలను ఏళ్ల తర్వాత మళ్లీ ఆడడమే రెట్రో గేమింగ్. 1983లో జపాన్‌లో నింటెండో తెచ్చిన ఫామికామ్ కన్సోల్‌కు నకళ్లే మన ఇళ్లకొచ్చిన ‘టీవీ గేమ్’లు. క్యాసెట్ ఆడకపోతే ఊది మళ్లీ గుచ్చేవాళ్లం. నిజానికి పనిచేసింది ఊదడం కాదు, తీసి పెట్టడం. తడి ఊపిరి పిన్నులకు చేటే.

ఇప్పుడు ఎమ్యులేటర్ అనే సాఫ్ట్‌వేర్ ఆ పాత యంత్రంలా పనిచేసి మారియోను ఫోన్‌లోనే పరుగెత్తిస్తుంది. కానీ బాతులను కాల్చే ‘డక్ హంట్’ ఆట తుపాకీ కొత్త టీవీ ముందు పనిచేయదు. ట్రిగ్గర్ నొక్కగానే తెర క్షణకాలం నల్లబడి, బాతు ఉన్నచోట తెల్లని చదరం మెరుస్తుంది. ఆ వెలుగును తుపాకీలోని సెన్సర్ వెంటనే పసిగట్టాలి. ఎల్‌సీడీ తెర మీద అది కాస్త ఆలస్యంగా వస్తుంది. గురి ఎంత బాగున్నా బాతు ఎగిరిపోతుంది. అందుకే ఈ ఆట అభిమానులు పాత డబ్బా టీవీల కోసం వెతుకుతుంటారు.