లంబసింగికి ఒక్క కెమెరా చాలు

తెల్లారగట్ల నాలుగింటికి నర్సీపట్నంలో కారు తీస్తే, పొగమంచు విడిపోకముందే లంబసింగిలో ఉండొచ్చు. దూరం సుమారు 30 కిలోమీటర్లే. చలికాలం వారాంతాల్లో ఈ ఘాట్ రోడ్డు నిండా టూరిస్టుల బళ్లే. ప్రతి బండిలోనూ ఒక కెమెరా బ్యాగు, లేదంటే కనీసం నాలుగు ఫోన్లు!

కిందటిసారి మా కారులో ఆ బ్యాగే ఒక మనిషంత చోటు తీసుకుంది. రెండు కెమెరాలు, మూడు లెన్సులు, ట్రైపాడ్. మలుపుల్లో పడిపోకుండా మా మామ్మ దాన్ని ఒళ్లో పట్టుకుని కూర్చుంది. తీరా అక్కడికెళ్లి నేను లెన్సు మార్చేలోపు ఎండొచ్చేసింది. ఇంటికొచ్చి చూసుకుంటే 600 ఫొటోలు. కొండలు, చెట్లు, టీ గ్లాసు మీద ఆవిరి... మామ్మవి మాత్రం రెండే. రెండింట్లోనూ మొహం పక్కకి తిరిగి ఉంది. నేనైతే ఒక్కదాంట్లోనూ లేను.

ఈసారి ట్రిప్ అనగానే ఆవిడే తేల్చేసింది. "ఒరే, ఆ పెట్టె రాకపోతేనే నేనొస్తాను. మోకాళ్లు చూశావుగా, మళ్లీ ఏడాది కొండెక్కుతానో లేదో."

పెట్టె ఇంట్లోనే ఉండిపోయింది. తీసుకెళ్లింది ఇంతే: ఒక చిన్న మిర్రర్‌లెస్ కెమెరా, దానికి 35 ఎంఎం లెన్స్, ఒక స్పేర్ బ్యాటరీ, రెండు మెమొరీ కార్డులు, మెత్తటి గుడ్డ, ఒక జిప్ కవర్. ఏపీఎస్-సీ సెన్సర్ మీద ఈ లెన్స్ దాదాపు ఫుల్‌ఫ్రేమ్ 50 ఎంఎంలా చూపిస్తుంది. ఫ్రెంచ్ ఫొటోగ్రాఫర్ హెన్రీ కార్టియర్-బ్రెసన్ ఎక్కువగా వాడింది ఆ 50 ఎంఎమ్మే. జూమ్ లేదు కాబట్టి మనమే మనిషి దగ్గరికి నడవాలి. లోయంతా పట్టాలంటే ఫోన్లో వైడ్ లెన్స్ ఎలాగూ ఉంది.

చలికి బ్యాటరీ తొందరగా దిగిపోతుంది. స్పేర్‌ది స్వెటర్ లోపలి జేబులో పెట్టుకోండి. చలిలోంచి వెచ్చటి కారులోకి వస్తే లెన్సు మీద నీటి తేమ పడుతుంది. ఎక్కేముందే కెమెరాని జిప్ కవర్లో పెట్టి మూసేస్తే ఆ తేమ కవర్ మీదే ఆగుతుంది. లోపల కాస్త వెచ్చబడ్డాకే తెరవండి.

పొగమంచులో ఇంకో చిక్కుంది. తెల్లగా ఉన్నదాన్ని కెమెరా బూడిదరంగులోకి దించేస్తుంది. ఎక్స్‌పోజర్ ఒక స్టాప్ దాకా పెంచండి. ఫోన్లో అయితే స్క్రీన్ మీద నొక్కి వెలుతురు గుర్తుని పైకి లాగితే చాలు. ఉత్త మంచుని తీస్తే ఫొటో ఖాళీగా ఉంటుంది. ముందు ఒక మనిషి ఉండాలి. మాకు మామ్మ ఎర్ర శాలువా ఉంది!

లంబసింగి నుంచి తాజంగి రిజర్వాయర్ చూసుకుని చింతపల్లి వెళ్లాం. దారిలో సిల్వర్ ఓక్ చెట్ల నీడన కాఫీ తోటలు, చెట్లకి అల్లుకున్న మిరియాల తీగలు. మలుపుల్లో బండి ఆపొద్దు, డ్రైవ్ చేసేవాళ్లు కెమెరా ముట్టుకోవద్దు. ఊళ్లలో గిరిజనుల్ని అడక్కుండా ఫొటో తీయొద్దు. వద్దంటే ఒక నవ్వు నవ్వి ముందుకెళ్లిపోవడమే.

1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దళం ఆయుధాల కోసం మొదట దాడి చేసింది చింతపల్లి పోలీస్ స్టేషన్ మీదే. ఆ కథ మామ్మ పిల్లలకి చేతులు తిప్పుతూ చెబుతోంది. కెమెరా నా మెడలోనే ఉంది. బ్యాగు విప్పే పని లేదు, లెన్సు వెతికే పని లేదు. ఆ చేతులు దొరికాయి.

తర్వాత కెమెరా ఆటోలో పెట్టి పదేళ్ల మేనకోడలి చేతికిచ్చాను. బరువు లేదు కాబట్టి మెడలో వేసుకుని తిరిగింది. నేను వెళ్లి మామ్మ పక్కన కూర్చున్నాను. నా బుర్ర సగం తెగిపోయింది, ఫొటో ఒక పక్కకి ఒరిగిపోయింది.

మొత్తం 90 ఫొటోలు. అందులో 20 ఏరి స్టూడియోలో ప్రింట్లు వేయించాను, ఎందుకంటే మామ్మ ఫోన్ చూడదు. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని ఒక్కొక్కటీ తిప్పుతూ ఆ ఒరిగిపోయిన ఫొటో దగ్గర ఆగింది.

"ఇందులో నువ్వూ ఉన్నావురా," అని దాన్ని పక్కన పెట్టుకుంది.