చలికాలానికి ముందుచూపు

ఋతువులు ఆరు అని మన పెద్దలు విభజించారు. సంసారి లెక్క మాత్రం వేరు. అతని దృష్టిలో కాలాలు మూడే: చేతికి వచ్చే కాలం, దాచుకొనే కాలం, దాచినది వాడుకొనే కాలం. మంచు కురిసే దేశాలలో శీతాకాలం ప్రాణాలకే పరీక్ష. అక్కడివారు తొలి మంచు పడకముందే కట్టెలు పేర్చుకొంటారు, ఉన్ని దుస్తులు సమకూర్చుకొంటారు. తెలుగునాట అంతటి చలి అరుదు. అల్లూరి సీతారామరాజు జిల్లాలోని లంబసింగి వంటి కొండప్రాంతాలలో రాత్రి ఉష్ణోగ్రత ఒక్కొక్కప్పుడు సున్నా డిగ్రీల సమీపానికి దిగుతుంది కాని, మైదానంలో ఆ తీవ్రత లేదు. అయినప్పటికీ చలికాలానికి ముందుగా ఇల్లు చక్కదిద్దుకోవడం మన పల్లెలకు కొత్త విషయం కాదు. మామిడితోటల సీమలో ఈ ముందుచూపు వెనుక ప్రత్యేకమైన కారణం కూడా ఉన్నది.

నూజివీడు పరిసరాలలోని ముసునూరు ఒక మండల కేంద్రం. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజన జరిగేవరకు కృష్ణాజిల్లాలో ఉన్న ఈ ప్రాంతం ఇప్పుడు ఏలూరు జిల్లాలో భాగం. శివరాత్రి తిరునాళ్ళకు పేరుపొందిన బలివే క్షేత్రం ఈ మండలంలోనే తమ్మిలేటి ఒడ్డున ఉన్నది. కొబ్బరి, ఆయిల్‌పామ్, మొక్కజొన్న పండుతున్నా, ఈ సీమకు పేరు తెచ్చినది మామిడి. చిన్నరసం, పెద్దరసం, బంగినపల్లి, కలెక్టరు కాయ అనే మాటలు ఇక్కడి పిల్లలకు అక్షరాలతోపాటే అబ్బుతాయి.

మామిడి రైతు ఆదాయం నెలజీతం వంటిది కాదు. కాయ కోతకు వచ్చేది వేసవిలో. అప్పుడు చేతికందిన సొమ్ముతోనే మరల వేసవి వరకు ఇల్లు గడవాలి. కార్తికం వెళ్ళేసరికి ఆ సొమ్ము చాలావరకు కరిగిపోతుంది. సరిగా ఆ సమయానికే తోటలో ఖర్చు మొదలవుతుంది. మార్గశిర పుష్యమాసాలలో చెట్టు పూతకు వస్తుంది. చల్లని, పొడి వాతావరణం పూతకు మేలు చేస్తుంది. దట్టమైన పొగమంచు, మబ్బు పట్టిన రోజులు మాత్రం కీడు చేస్తాయి. పూతను తేనెమంచు పురుగు పీలుస్తుంది, బూడిద తెగులు ఆవరిస్తుంది. సకాలంలో మందు చల్లకపోతే పూత మాడి రాలిపోతుంది. ఇంట్లో ఉప్పుకూ పప్పుకూ వెతుకులాడే రైతు ఆ మందుకు డబ్బు ఎక్కడనుండి తెస్తాడు? వ్యాపారి దగ్గర బయానా పుచ్చుకొని, పూతమీదనే తోటను అమ్ముకొంటాడు. కాయ కాసిన తరువాత ధర పెరిగినా ఆ లాభం అతనిది కాదు. కనుక ఈ సీమలో చలికాలపు పొదుపు తోట ఎవరి చేతిలో ఉండాలో నిర్ణయించే విషయం.

ఈ ముందుచూపు మన సాహిత్యంలో కూడా కనిపిస్తుంది. పదహారవ శతాబ్దిలో శ్రీకృష్ణదేవరాయలు రచించిన ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుడు శ్రీవిల్లిపుత్తూరులో అతిథులను ఆదరించిన తీరు ఋతువులవారీగా వర్ణితమైనది. జడివాన పట్టిన నాళ్ళలో అతని భార్య పొగ కళ్ళలో పడకుండా కొబ్బరి చిప్పలు మండించి వంట చేస్తుంది. ఆనాటి విస్తరిలో అన్నం, పప్పు, కూరలతోపాటు వడియాలు, వరుగులు ఉంటాయి. శీతాకాలంలో విస్తరి మారుతుంది. కొత్తబియ్యపు అన్నం, మిరియాలపొడి చల్లిన వేడివేడి కూరలు, ముక్కుకు మందులాగ పనిచేసే ఆవ పెట్టిన పచ్చళ్ళు, ఊరగాయలు, కాగిన నెయ్యి అందులో చేరుతాయి. ఒక చక్రవర్తి వంటింటి పొగను, వరుగుల మూటను ఇంత శ్రద్ధగా గమనించడం విశేషం. వానలోను చలిలోను ఎదురయ్యే ఇబ్బందులకు ఎండకాలంలోనే విరుగుడు వెదకాలనే గృహధర్మం ఈ వర్ణనలలో వ్యక్తమవుతున్నది.

ఆ ధర్మాన్ని మామిడి సీమ గృహిణులు నేటికీ పాటిస్తున్నారు. చైత్ర వైశాఖాలలో గాలిదుమారానికి పచ్చికాయలు నేల రాలుతాయి. దెబ్బతిన్న ఆ కాయలకు బజారులో ధర పలకదు. వాటిని చెక్కు తీసి, ముక్కలు కోసి, ఉప్పు పట్టించి ఎండబెడితే ఒరుగులు అవుతాయి. కావ్యభాషలోని వరుగులే ఇవి. చలికాలంలో పప్పులో నాలుగు ఒరుగులు వేస్తే చింతపండు ఖర్చు తప్పుతుంది. మాగాయకు ముక్కలను ఉప్పు పసుపులతో మూడు రోజులు ఊరనిచ్చి, తరువాత పిండి ఎండబెడతారు. ఊటను కూడా పారబోయక ఎండలో ఉంచి, మరల ముక్కలతో కలుపుతారు. మిగుల పండిన రసాల గుజ్జును చాపలమీద పొరపొరగా ఆరబోసి తాండ్ర చేస్తారు. ఇందులో ఏ కాయా వృథా కాదు.

ఈ పద్ధతుల వెనుక శాస్త్రం ఉన్నది. ఆహారాన్ని చెడగొట్టే సూక్ష్మజీవులకు తేమ అవసరం. ఎండ ఆ తేమను హరిస్తుంది. ఉప్పు ముక్కలోని నీటిని వెలుపలికి లాగుతుంది. మామిడిలోని పులుపు సూక్ష్మజీవుల పెరుగుదలను అరికడుతుంది. ఆవకాయపై తేలే నూనె గాలి సోకకుండా కాపాడుతుంది. జాడీలో తడిగరిటె పెట్టవద్దని పెద్దలు మందలించేది ఇందువల్లనే. ఒక్క తడిచేయి ఏడాది శ్రమను బూజు పట్టించగలదు.

ధాన్యం విషయంలోను ఇదే జాగ్రత్త అవసరం. కొత్తబియ్యం వండితే ముద్ద అవుతుంది. అందుచేత క్రిందటి పంట బియ్యాన్ని కొంత నిలవ ఉంచుకొంటారు. పూర్వం వడ్లను గాదెలలోను, గడ్డివెంటితో చుట్టిన పురులలోను దాచేవారు. ఇప్పుడు గోనెసంచులు, రేకు డబ్బాలు వచ్చినా సూత్రం మారలేదు. గింజను బాగా ఎండనివ్వాలి, నేల చెమ్మ తగలకుండా ఎత్తుగా ఉంచాలి, నడుమ ఎండిన వేపాకు వేయాలి. కందిపప్పు, మినప్పప్పు, ఎండుమిర్చి, గింజ తీసిన చింతపండు పంటలు వచ్చే రోజులలోనే కొంటే ధర తక్కువ, సరుకు మేలు. అవసరం తరుముకొచ్చినప్పుడు కొనేవాడికి బేరమాడే అవకాశం ఉండదు.

తిండి తరువాత చెప్పుకోవలసినది ఇల్లు. వానలు వెనుకపట్టగానే కప్పు పరిశీలించాలి. జారిన పెంకులు సర్దాలి, చివికిన తాటాకు మార్చాలి. తలుపు క్రింది సందుకు పాత గుడ్డలతో కుట్టిన మెత్త అడ్డుపెడితే తెల్లవారుజామున చలిగాలి లోనికి రాదు. దుప్పట్లను, పరుపులను ఎండలో వేయాలి. చిరిగిన నూలుచీరలను పొరలుగా పేర్చి కుట్టిన బొంత కొన్న రగ్గుకు తీసిపోదు. పొరల నడుమ నిలిచిన గాలి ఒంటి వేడిని బయటికి పోనివ్వకపోవడమే దాని వెచ్చదనానికి కారణం. వరికోతలు అయిన తరువాత ఎండుగడ్డి పరచి, దానిపై చాప వేసుకొని పడుకొన్నా అదే ఫలం దక్కుతుంది.

వంటచెరకు విషయంలో తోటయే ఆధారం. కాపు ముగిసిన పిమ్మట ఎండుకొమ్మలను, అడ్డదిడ్డంగా పెరిగిన రెమ్మలను కత్తిరిస్తారు. ఇందువలన చెట్టుకు వెలుతురు, ఇంటికి కట్టెలు లభిస్తాయి. వాటిని కప్పు క్రింద పేర్చుకొంటే చలినాళ్ళలో స్నానాల నీళ్ళకు గ్యాసు ఖర్చు కాదు. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరంభమైన దీపం పథకం, 2016లో వచ్చిన ఉజ్జ్వల పథకం ఎందరో స్త్రీలను వంటింటి పొగనుండి తప్పించాయి. వంట గ్యాసుపైన, నీళ్ళు ఆరుబయట కట్టెలపైన కాచుకోవడం ఆరోగ్యానికీ ఆదాకూ అనుకూలం. ఒక హెచ్చరిక మాత్రం మరువరాదు. తలుపులు మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకొని నిద్రించరాదు. దానినుండి వెలువడే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. నిద్రలోనే ప్రాణం తీయగల విషవాయువు అది.

ఇన్ని చిన్న పనుల వలన మిగిలేదెంత అని సందేహం కలుగవచ్చు. ఒక కుటుంబం ఈ విధంగా వారానికి 200 రూపాయలు మిగుల్చుకొన్నదనుకొందాం. కార్తికం నుండి ఫాల్గుణం వరకు ఐదు నెలలకు సుమారు 21 వారాలు. మొత్తం 4,200 రూపాయలు. పూతకు చల్లే మందుల ఖర్చులో అది కొంతభాగాన్ని భరిస్తుంది. అంతమేరకు అప్పు తగ్గుతుంది, అప్పుతోపాటు వడ్డీ తగ్గుతుంది. తోటను పూతమీద అమ్మక కాయ పండేవరకు ఆగగల ధైర్యం రైతుకు కలుగుతుంది. తెగులు, గాలివాన, బజారు ధర అతని అదుపులో లేనివి. ఇంటి ఖర్చు మాత్రం అతని అదుపులో ఉన్నది.

అయితే పొదుపునకు, పిసినారితనానికి గల భేదాన్ని గుర్తించాలి. ముసలివారి దుప్పటిలోను, పసివారి పాలలోను, రోగి మందులోను కోత విధించడం పొదుపు కాదు. చలిలో వృద్ధులకు దగ్గు, ఆయాసం, కీళ్ళనొప్పులు ముదురుతాయి. వారికోసం చేసే ఖర్చు తగ్గకుండా ఉండాలంటేనే మిగిలినచోట్ల జాగ్రత్త పడాలి. విష్ణుచిత్తుని ఇంటి వడియాలు, వరుగులు తాను దాచుకొని తినడానికి కావు. వానలో తడిసివచ్చిన అతిథికి, చలిలో వణుకుతూ వచ్చిన బాటసారికి వేడి అన్నంతోపాటు వడ్డించడానికే అవి ఆ ఇంట నిలవ ఉన్నాయి. ముసునూరు సీమలో సంక్రాంతికి వచ్చిన కూతురు, అల్లుడు పండుగ వెళ్ళి తిరుగు ప్రయాణమయ్యేవేళ వారి సంచిలో ఒక మాగాయ సీసా, తాండ్ర పొట్లం చేరుతాయి. అప్పటికి తోటలో పూత విచ్చుకొని ఉంటుంది.